పెట్టెలో లేని ముక్క

ఆ ఊళ్లో పోస్టు డబ్బా కూడా బొమ్మల కిట్టులా ఉంటుంది. జపాన్‌లో తయారయ్యే ప్లాస్టిక్ మోడళ్లలో అత్యధిక భాగం పుట్టేది అక్కడే మరి! ఓడలు, విమానాలు, కార్లు, రోబోలు... అన్నీ ముక్కలుగా పెట్టెల్లోకెక్కి ప్రపంచమంతా తిరుగుతాయి. కానీ షిజువోకా వెళ్లినవాళ్లు తప్పక చూడాల్సింది మాత్రం ఆ పెట్టెల్లో రాని ముక్కల్నే.

టోక్యో నుంచి బుల్లెట్ రైలెక్కి కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే, మబ్బులు లేని రోజున ఫ్యూజీ పర్వతం నిండుగా కనిపిస్తుంది. అది దాటిన కాసేపటికే షిజువోకా. జపాన్‌లో తేయాకుకి పేరున్న ప్రాంతం. ఊళ్లో అడుగుపెడితే అక్కడక్కడా విచిత్రమైన కట్టడాలు ఎదురవుతాయి. ఓ పెద్ద చట్రం, దానికి అతుక్కుని విడిభాగాలు, వాటి మధ్య ఉత్తరాలు వేసే డబ్బా! మోడల్ పెట్టె తెరిస్తే ముక్కలెలా ఉంటాయో అచ్చం అలాగే. అలంకారం కోసం పెట్టింది కాదు, అందులో వేసిన ఉత్తరం నిజంగానే చేరుతుంది. 2021 నుంచి నగరపాలక సంస్థ ఇలాంటివి ఒక్కొక్కటే పెడుతూ వస్తోంది.

గుడి పనికి వచ్చి...

ఇంత పెద్ద పరిశ్రమ ఈ ఊళ్లోనే ఎందుకు పుట్టింది? జవాబు కోసం సెంగెన్ ఆలయానికి వెళ్లాలి. తొకుగవా షోగన్ల కాలంలో, పదిహేడో శతాబ్దంలో ఆ ఆలయాన్ని కట్టించడానికి దేశం నలుమూలల నుంచీ వడ్రంగులు, శిల్పులు, లక్క పనివాళ్లు వచ్చారు. పని అయిపోయాక చాలామంది వెనక్కి వెళ్లలేదు. చుట్టూ కొండల్లో కలపకి కొదవ లేదు. బల్లలు, పెట్టెలు, బొమ్మలు చేసుకుంటూ అక్కడే స్థిరపడ్డారని ఊరివాళ్లు చెబుతారు. ఆ చేతిపని తరతరాలుగా కొనసాగింది. ఇరవయ్యో శతాబ్దంలో చెక్క విమానాల మోడళ్లు వచ్చేసరికి చెక్క తెలిసిన చేతులు సిద్ధంగా ఉన్నాయి.

ఇప్పుడు ప్రపంచమంతా తెలిసిన తమియా కంపెనీ కూడా మొదట కలప వ్యాపారమే. యోషియో తమియా 1946లో ప్రారంభించారు. మరుసటి ఏడాది నుంచి చెక్క మోడళ్లు. అప్పటి పెట్టెలో ఏముండేది? ఓ నక్షా, కొన్ని చెక్కముక్కలు. ఓడ ఆకారాన్ని కొనుక్కున్న పిల్లాడే చెక్కుకోవాలి, నునుపు చేసుకోవాలి. అంటే ఆ రోజుల్లో మోడల్ కట్టడమంటే సగం వడ్రంగమే!

చెక్కను మింగిన ప్లాస్టిక్

1950ల చివరికి విదేశీ ప్లాస్టిక్ కిట్లు జపాన్ దుకాణాల్లోకి వచ్చాయి. ముక్కలన్నీ సిద్ధంగా ఉంటాయి, విరిచి అతికించుకోవడమే. పిల్లలు అటు మళ్లారు. చెక్క ఓడల్ని అడిగేవాళ్లు తగ్గిపోయారు. చెక్క మీద బతికిన ఊరికి అది చావుబతుకుల సమస్య. 1960లో తమియా తన తొలి ప్లాస్టిక్ మోడల్‌గా యమాతో యుద్ధనౌకను తెచ్చింది. 263 మీటర్ల నౌకను 800వ వంతుకు కుదించారు. అంటే దాదాపు 33 సెంటీమీటర్లు. అదే నౌకను మరో కంపెనీ తక్కువ ధరకు అమ్ముతోంది. పోటీకి ధర దించక తప్పలేదు, నష్టం తప్పలేదు. ఉక్కు అచ్చు చేయించడానికి పెట్టిన డబ్బు కూడా తిరిగి రాలేదు.

నిలబెట్టింది ఓ ట్యాంకు. 1960ల మొదట్లో వచ్చిన పాంథర్ ట్యాంకు మోటారుతో నడిచేది. బ్యాటరీలు పట్టేలా దాని సైజు నిర్ణయిస్తే, అది అసలు ట్యాంకులో 35వ వంతుకు వచ్చింది. అలా లెక్క కోసం కాక బ్యాటరీ కోసం పుట్టిన 1/35 నేడు సైనిక వాహనాల మోడళ్లకు ప్రపంచమంతటా ప్రామాణికమైపోయింది! ఆ కొలతలో అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి అయిదు సెంటీమీటర్లుంటాడు.

యోషియో కుమారుడు షున్‌సాకు తమియా కొలతల విషయంలో పట్టు విడవని మనిషి. పోర్షె కారు మోడల్ కోసం నిజమైన కారునే కొని విప్పించిన సంగతి ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. 2025 జులైలో తొంభయ్యేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. పోటీ పడే కంపెనీలు చేతులు కలిపిన ఘనత కూడా ఈ ప్రాంతానిదే. 1971లో తమియా, అయోషిమా, హసెగావా, ఫుజిమి నాలుగూ జపాన్ యుద్ధనౌకల్ని తలా కొన్ని పంచుకుని, అన్నింటినీ 1/700 కొలతలోనే తెచ్చాయి.

మరి చెక్క పనివాళ్లు? అంతా పోలేదు. కంప్యూటర్లు రాకముందు ప్లాస్టిక్ మోడల్‌కి కూడా మొదటి నమూనాను చెక్కతోనే చెక్కేవారు. దాన్ని చూసి ఉక్కులో అచ్చు తీసేవారు. బొమ్మ ప్లాస్టిక్‌దే అయినా పుట్టుక చెక్కలోనే!

అచ్చుకి చేతకానిది

అచ్చుకీ కొన్ని హద్దులున్నాయి. కరిగిన ప్లాస్టిక్ పారడానికి దారి కావాలి కాబట్టి ముక్క మరీ పలచగా రాదు. నిజమైన ట్యాంకు మీద మూడు మిల్లీమీటర్ల మడ్‌గార్డు రేకు 35వ వంతుకు తగ్గితే కాగితం కంటే పలచన. కిట్టులో అది అట్టముక్కలా మందంగా ఉంటుంది. పైగా అచ్చు తెరుచుకునేటప్పుడు ముక్క ఇరుక్కోకూడదు. అందుకే లోపలికి వంగిన ఆకారాల్నీ, బోలు గొట్టాల్నీ చాలాసార్లు వదిలేస్తారు. అలాంటి చోట పెట్టెలో లేని ముక్కను సొంతంగా తయారు చేసుకోవడాన్నే స్క్రాచ్ బిల్డింగ్ అంటారు.

దానికి ముందు కొలత కావాలి. నక్షా దొరక్కపోతే ఫొటో చాలు. అయితే వాహనాన్ని సూటిగా పక్క నుంచి తీసింది అయ్యుండాలి. చక్రం అసలు వ్యాసం మీటరని తెలుసు అనుకుందాం. ఫొటోలో చక్రం రెండు సెంటీమీటర్లు, తలుపు మూడు సెంటీమీటర్లు ఉంటే, అసలు తలుపు మీటరున్నర. దాన్ని 35తో భాగిస్తే సుమారు 4.3 సెంటీమీటర్లు. ఎనిమిదో తరగతి లెక్కే కదూ!

తర్వాత పని పలచని ప్లాస్టిక్ రేకుతో. బ్లేడుతో సగం లోతు గీత గీసి వంచితే ‘టక్’మని గీత వెంబడి విరుగుతుంది. అంచును ఉప్పుకాగితంతో రుద్ది, జిగురు పెట్టకుండా ఓసారి అమర్చి చూస్తారు. కుదిరాకే జిగురు. ఈ జిగురు రెండు అంచుల్నీ కాస్త కరిగించి ఒక్కటి చేస్తుంది. ఆరాక అతుకు కాదు, ఒకే ముక్క. కాకపోతే దాని వాసన మంచిది కాదు, కిటికీలు తెరిచి చేయాల్సిన పని.

ఓడకి కట్టే సన్నని తీగలు కావాలా? ముక్కలు విరిచేశాక మిగిలిన చట్రపు పుల్లని కొవ్వొత్తి మీద, మంట తగలకుండా వేడి చేసి, మెత్తబడగానే పక్కకు తీసి రెండువైపులా లాగుతారు. వెంట్రుకంత పోగు వస్తుంది. మెలికలు తిరిగిన ఆకారాలకు రెండు ముద్దలు కలిపి పిసికే పుట్టీ ఉంది. మన ఇళ్లలో కారే పైపులకు వాడే ఎంసీల్ లాంటిదే. కొండపల్లిలో పొనికి చెక్క బొమ్మల చేతుల్నీ కాళ్లనీ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు కదా, ఇక్కడి పుట్టీ చేసే పనీ అదే. ఒకేలాంటి చక్రాలు ఎనిమిది కావాలంటే ఎనిమిదీ చెక్కక్కర్లేదు. ఒకటి జాగ్రత్తగా చేసి, సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి, రెసిన్ పోసుకుంటే సరి. ఆ రెసిన్ని రుద్దేటప్పుడు మాత్రం మాస్కు తప్పనిసరి.

మే నెల జాతర

ఏటా మే నెలలో షిజువోకాలో హాబీ షో జరుగుతుంది. కంపెనీలు కొత్త కిట్లు చూపించేదీ, అదే వారాంతంలో అభిమాన సంఘాలు తాము కట్టిన మోడళ్లను బల్లల మీద పరిచేదీ ఇక్కడే. ఓ మూల తుప్పు పట్టిన లారీ, పక్కన రైలు స్టేషను, ఎండిన తేయాకు పొడితో పరిచిన రాలుటాకుల బాట... చూపరులు నిలబడి అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ఈ ముక్క దేనితో చేశారు?’. శీతల పానీయం డబ్బా రేకు, పాత వైరులోని రాగి తీగ అని జవాబొస్తుంది. కంపెనీలవాళ్లూ ఆ బల్లల దగ్గర చాలాసేపు ఆగుతారు. పెట్టెలో ఏం తక్కువైందో తెలిసేది అక్కడే మరి.

ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు ఇళ్లలోకి వచ్చేశాయి. కంప్యూటర్లో గీసి పెడితే తెల్లారేసరికి ముక్క సిద్ధం. ఒకప్పుడు చెక్కను ప్లాస్టిక్ నెట్టేసినట్టు, ఇప్పుడు బ్లేడునీ ఉప్పుకాగితాన్నీ ఈ యంత్రం నెట్టేస్తుందా? కొంత పని దానికి పోయింది, నిజమే. కానీ ప్రింటరుకి కొలతలు చెప్పాల్సింది మనిషే. వచ్చిన ముక్క మీద గీతలు రుద్దాలి, పక్క ముక్కతో కుదరకపోతే సరిచేయాలి. పాత వడ్రంగి పిల్లాడికి మొదటిరోజు నేర్పే పాఠాలూ అవే: కొలువు, అమర్చి చూడు, తర్వాతే అతికించు.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి ఢిల్లీ లేదా సింగపూర్ మీదుగా టోక్యో చేరొచ్చు. అక్కడి నుంచి షిజువోకా 180 కిలోమీటర్లు. హికారి రైల్లో సుమారు గంట. నొజోమి రైళ్లు అక్కడ ఆగవు, చూసుకుని ఎక్కాలి. స్టేషన్ దక్షిణ ద్వారం దగ్గరే హాబీ స్క్వేర్ ఉంది, స్థానిక కంపెనీల మోడళ్లన్నీ ఒకేచోట చూడొచ్చు. మేలో ప్రదర్శనకు వెళ్లేవాళ్లు ఆ ఏడాది ప్రవేశ నిబంధనలు ముందే తెలుసుకోవాలి. పిల్లలకు ఏదైనా కొనాలనుకుంటే చిన్న కిట్టుతోపాటు ఓ ప్లాస్టిక్ రేకుల పొట్లం కూడా తీసుకోండి. పెట్టె తెరిచిన రోజు కాకపోయినా, ఓ ముక్క పోయిన రోజున అది పనికొస్తుంది.