నంది ముక్కు తుడిచిన రోజు

నంద్యాలలో మా నాయన పెట్టిన స్టూడియోలో ఇరవై రెండేళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. పసిపిల్లల ఫోటో అంటే నా దగ్గరికే తీసుకొస్తారు. గిలక ఊపడం, పిట్టలా కూయడం, వాళ్లమ్మను నా భుజం వెనకే నిలబెట్టడం. ఎట్లాగైనా బిడ్డ చూపు ఒక్క క్షణం లెన్సు మీద పడితే చాలు, నొక్కేవాణ్ని. పనంతా అదేననుకున్నాను. మా పాప పుట్టాక ఆ నమ్మకం పోయింది.

పాపకు నడక వచ్చినప్పటి నుంచి ఆదివారాలు స్టూడియో తమ్ముడికి అప్పజెప్పి ముగ్గురం బయటికి పోతున్నాం. ఎక్కువగా ఆళ్లగడ్డకే. నా భార్య పుట్టిల్లు అది. మా మామ శిల్పి. ఆ ఊళ్లో రాతి పని తరాల నుంచి వస్తున్నదే. రోడ్డు వారనే వినాయకులు, ఆంజనేయులు, కళ్లు ఇంకా తెరవని అమ్మవార్లు వరుసగా నిలబడి ఉంటారు.

మొదటిసారి పాపకు పట్టులంగా కట్టించి, నా నడుమంత ఎత్తున్న వినాయకుడి పక్కన నిలబెట్టి, "ఇటు చూడు తల్లీ, ఇటు" అంటూ నలభై దాకా తీశాను. రాత్రి కంప్యూటర్లో చూసుకుంటే నలభైలోనూ ఒకటే ముఖం. నాయన పిలిచాడు కాబట్టి చూస్తోంది, అంతే. ఆ బొమ్మల్లో మా పాప లేదు. నలభై ఒకటోది వెలుతురు ఎట్లుందో చూసుకోవడానికి నొక్కింది. అందులో నేలమీద గొంతుక్కూర్చొని రాతి పెచ్చులను పెద్దవి ఒకపక్క, చిన్నవి ఒకపక్క పెట్టుకుంటోంది. నాలుక కొంచెం బయటికొచ్చి ఉంది. ఇంట్లో బియ్యంలో చేయి పెట్టి ఆడుకునేటప్పుడూ అట్లాగే ఉంటుంది.

తర్వాతి ఆదివారం పోయినప్పుడు పట్టులంగా లేదు, పిలుపులూ లేవు. రేకుల షెడ్డు కింద గోనెపట్టా పరుచుకుని, కెమెరా ఒళ్లో పెట్టుకుని అరగంట ఊరికే కూర్చున్నాను. రాయి కోసే మిషను ఆగి, దుమ్ము అణిగాకే పాపను లోపలికి రానిచ్చాం. రాతిపొడి పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఫోటో కోసం అక్కడ పట్టుపట్టకూడదు. మామ ఉలితో నంది మూతి దగ్గర పని చేస్తున్నాడు. గీత ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి మధ్యమధ్యలో తడిగుడ్డతో పొడి తుడుస్తాడు. ఆయన నీళ్లు తాగడానికి లేచాడు. పాప ఆ గుడ్డ తీసుకుని, తన ముక్కు వాళ్లమ్మ ఎట్లా తుడుస్తుందో అచ్చం అట్లాగే, రెండు వేళ్ల మధ్య పట్టి నంది ముక్కు తుడిచింది. "జలుబు చేసిందా?" అని కూడా అడిగింది.

మూడే తీశాను. షట్టరు 250, అపర్చరు 2.8. ఫ్రేములో సగానికి పైగా నల్లరాయే ఉంది. అట్లాంటిచోట మీటరును నమ్మితే అంతా చీకటనుకుని వెలుతురు పెంచుతుంది, బిడ్డ ముఖం సున్నం కొట్టినట్టు పోతుంది. అందుకే ముందే ఒక స్టాపు తగ్గించి పెట్టుకున్నాను. నా కన్ను, పాప కన్ను, నంది కన్ను ఒకే ఎత్తున ఉన్నాయి. నేను నిలబడి ఉంటే పాప నడినెత్తి తప్ప ఏమీ పడేది కాదు.

"ఇంతసేపూ ఊరికే కూర్చుంటివి, ఇప్పుడు తీస్తివా నాయనా?" అన్నాడు మామ.

మహానందిలో మాత్రం కెమెరా ఎక్కువసేపు సంచిలోనే ఉంటుంది. కోనేటి నీళ్లు ఐదడుగుల లోతున్నా అడుగున పడ్డ రూపాయి బిళ్ల కనిపించేంత తేటగా ఉంటాయి. పాప మెట్టు మీద కూర్చొని ఆ బిళ్లను అందుకోవాలని నీళ్లలో చేయి పెడుతుంది. ఎంత బాగున్నా, చుట్టూ స్నానాలు చేసే ఆడవాళ్లుంటారు. వాళ్లు ఫ్రేములో లేరని నిశ్చయమయ్యేదాకా కెమెరా ఎత్తను. గర్భగుడి దగ్గర అసలే తీయను.

బెలూం గుహల దగ్గర నేను తప్పు చేశాను. 2002లో తెరిచిన కొత్తలో నాయన నన్ను అక్కడికి తీసుకుపోయాడు. అదే అబ్బురం పాప ముఖంలో చూడాలని ఆత్రపడి, దిగీ దిగగానే ఫ్లాష్ కొట్టాను. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. ఫోటోలో తెల్లటి ముఖం, వెనక నలుపు. 3229 మీటర్ల గుహలో ఒక్క రాయి కూడా పడలేదు. ఫ్లాష్ తీసి సంచిలో వేశాను. పాపను ఎత్తుకుని, ఏడుపు ఆగేదాకా అట్లాగే నడిచాను. కోటిలింగాల దగ్గర తనంతట తనే కిందికి దిగి, పైనుంచి వేలాడే రాళ్లను నోరు తెరుచుకుని చూసింది. అక్కడున్న దీపాల వెలుతురే చాలు. ఐఎస్ఓ 3200, షట్టరు 60. గ్రెయిన్ బాగా వచ్చింది. రానీ, ఆ వెలుతురు ఉన్నదున్నట్టు పడింది.

పోయిన ఏడు హార్డ్‌డిస్కు చెడిపోయింది. పాప పుట్టినప్పటి నుంచి రెండేళ్ల దాకా తీసినవన్నీ పోయాయి. నా భార్య పట్టుబట్టి కడిగించి ఆల్బంలో పెట్టిన పదకొండు మాత్రం మిగిలాయి. మా స్టూడియో బీరువాలో నాయన కాలం నెగటివులు బటర్‌పేపర్ కవర్లలో నంబర్లతో సహా ఉన్నాయి. ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి, "మా అమ్మది ఒకటే ఫోటో, మీ దగ్గరే దిగింది" అని అడుగుతారు, వెతికి ఇస్తాం. అవన్నీ చేతులతో తీసిస్తూ, సొంత బిడ్డవి డిస్కులో వదిలేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ ఉగాది నుంచి నెలకు రెండు ప్రింట్లు వేస్తున్నాను. వెనక తారీఖు, ఊరు, పాప అన్న మాట రాస్తాను. నంది ఫోటో రెండు కాపీలు వేశాను. ఒకటి మామకిస్తే పనిముట్ల పెట్టె మూతకు లోపలివైపు అంటించుకున్నాడు. రెండోది మా ఇంట్లో ఉంది. దాని వెనక, "ఆళ్లగడ్డ, తాత షెడ్డు. జలుబు చేసిందా?"