కాపలావాని గొంతు

మాయమ్మ ఆత్మకూరు నుంచి డల్లాస్‌కు వచ్చిన మూడో రోజు. పప్పుకు తిరగవాత పెడుతోంది. నూనెలో ఎండుమిరపకాయలు నల్లబడగానే నడవాలోని పొగ అలారం చెవులు చిల్లులు పడేట్టు కూసింది. అమ్మ గరిటె వదిలేసి, పొయ్యి ఆపి, కొంగుతో పొగను విసరసాగింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. నేను కుర్చీ ఎక్కి బ్యాటరీ పెరికి సొరుగులో వేశాను. ఇల్లు నిమ్మళించింది.

రాత్రి పడుకోబోతూ అమ్మ పైకి చూసి, "కాపలావాని నోరు కట్టేసి నిద్రపోతే ఎట్లా నాయనా?" అంది.

నల్లమల అంచున బతికిన మనిషి మాట అది. ఎండాకాలంలో ఆ అడవిలో వెదురూ బోదగడ్డీ ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటాయి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాలతో మంటలను కనిపెట్టి కబురు పంపుతోంది. పోయి చూస్తే పొలంలో తగలబెట్టిన చెత్త కావచ్చు. అయినా కబురొస్తే పోయి చూడాల్సిందే.

'నాన్నా పులి' కథలో పిల్లవాడు అబద్ధమాడాడు. మా అలారం ఆడలేదు. పొగ ఉంది, ఉందని చెప్పింది. దాన్ని పొయ్యికి నాలుగడుగుల దూరంలో నిలబెట్టిన తప్పు మాది.

ఆ రాత్రే బ్యాటరీ మళ్లీ వేశాను. విప్పి చూస్తే అది అయొనైజేషన్ రకం. లోపల రవ్వంత అమెరీషియం గాలిలో సన్నని విద్యుత్తును పారిస్తుంటుంది. వేపుళ్ల నుంచి లేచే అతి సన్నని రేణువులు చాలు, ఆ ప్రవాహం దెబ్బతిని అలారం మోగుతుంది. ఫోటోఎలక్ట్రిక్ రకంలో చీకటి గదిలాంటి డబ్బాలో ఒక కాంతి కిరణం ఉంటుంది. పొగ దాన్ని చెదరగొడితేనే కూస్తుంది. వంటపొగకు అంత తొందరగా బెదరదు, రాజుకుంటున్న పరుపును మాత్రం త్వరగా పసిగడుతుంది. అదే తెచ్చి, పొయ్యికి 10 అడుగులు దాటించి, పడకగదుల వైపు బిగించాం. స్నానాలగది ఆవిరి తగలకుండా చూశాం. దుమ్ము చేరినా ఊరికే మోగుతుంది కాబట్టి అప్పుడప్పుడు వ్యాక్యూమ్‌తో దులుపుతాను. పదేళ్లు నిండితే అలారాన్నే మార్చేయాలి.

ఇప్పుడు అమ్మ ముందు ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, ఆ తర్వాతే నూనె కాగబెడుతుంది. నెలకోసారి చీపురుకట్ట చివరతో అలారం మీద పరీక్ష బటన్ నొక్కుతుంది. అది ఇల్లదిరేలా కూస్తే, "గొంతు బాగుంది" అని చీపురును మూలన పెడుతుంది.