గోడ దూకే ముందు

తెలుగులో మగవాడు గోడ దూకితే అది అల్లరి. ఆడది దూకితే అది ఆమె నడతకు సంబంధించిన విషయం. కాలు జారడం, గడప దాటడం, హద్దు మీరడం... స్త్రీ శరీరం చేసే మామూలు కదలికలు మన భాషలో ఎంత తొందరగా నీతి బోధలైపోయాయో! డిగ్రీ పిల్లలకి ఇరవై ఏళ్లుగా జాతీయాలు చెప్తున్నాను. నలభై ఆరేళ్ల వయసులో పార్కూర్ కోసం ఒళ్లు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టాకే ఈ మాటలకు వాటి అసలు అర్థాలు నాకు మళ్లీ దొరికాయి.

పార్కూర్ పారిస్ దక్షిణ శివార్లలోని లిస్, ఎవ్రీ పట్టణాల్లో 1980ల చివర డేవిడ్ బెల్, అతని స్నేహితులు రూపొందించుకున్న సాధన. గోడో, రెయిలింగో, మెట్లో, దారిలో ఏది అడ్డొచ్చినా ఏ పరికరమూ లేకుండా దాటుకుని వెళ్లడమే దాని సారాంశం. మేడల మీంచి దూకే వీడియోలు చూసి అది కుర్రాళ్ల దుస్సాహసమనుకుంటాం. కానీ దాని మూలాలు వేరు. బెల్ తండ్రి రేమండ్ వియత్నాంలో పుట్టి, యుద్ధంలో అయినవాళ్లకు దూరమై, సైనిక పాఠశాలలో పెరిగి, ఆ తర్వాత పారిస్ అగ్నిమాపక దళంలో పనిచేసినవాడు. ప్రాణం నిలుపుకోవడానికి నేర్చుకున్న విద్య కొడుక్కి అందింది.

ఇంకా వెనక్కి వెళితే నావికాదళ అధికారి జార్జ్ ఎబేర్ కనిపిస్తాడు. 1902లో మార్టినీక్ దీవిలో మౌంట్ పెలే అగ్నిపర్వతం బద్దలైనప్పుడు సహాయక చర్యల్లో పాల్గొన్నాడు. నడక, పరుగు, దూకడం, పాకడం, ఎక్కడం, బరువులెత్తడం వంటి సహజమైన కదలికలతో వ్యాయామ పద్ధతి తయారుచేశాడు. బలం ఉండాలి, అది పదిమందికి పనికిరావాలి అన్నది అతని సూత్రం. స్త్రీల వ్యాయామం మీద 1919లో పుస్తకం కూడా రాశాడు. అయితే దాని పేరులో కండరం పక్కనే సౌందర్యాన్ని కూడా చేర్చాడు. ఆడవాళ్ల బలానికి అందం హామీ ఉండక తప్పలేదన్నమాట! ఇక పనికిరావడం గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు. పుట్టినప్పటినుంచీ అందరికీ పనికొస్తూనే ఉన్నాం. మన బలం మనకి ఎప్పుడు పనికొస్తుందన్నదే నా ప్రశ్న.

చిన్నప్పుడు వచ్చింది. తొక్కుడుబిళ్లలో ఒంటికాలిమీద గెంతి, గీత తొక్కకుండా రెండు పాదాలమీద దిగేవాళ్లం. పార్కూర్‌లో మొదట నేర్పే గురిచూసి దూకడం దాదాపు అదే. కోతికొమ్మచ్చి ఆడని ఊరి పిల్ల ఉందా? పెద్దమనిషి అయ్యాక చెట్టు దిగమన్నారు, మళ్లీ ఎక్కలేదు. స్త్రీవాద తాత్వికురాలు ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో రాసిన వ్యాసంలో ఆడపిల్లలు బంతి విసిరే తీరును చర్చించింది. ఒళ్లంతా వాడకుండా చెయ్యి మాత్రమే కదిలించడం వెనుక ఎముకల బలహీనత కాదు, పెంపకం ఉందంది. చుట్టూ ఉన్న స్థలం తనది కాదని నేర్చుకున్న శరీరం అలాగే ముడుచుకుంటుంది. బస్సులో మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చునే మనందరికీ ఆ ముడుచుకోవడం తెలుసు.

మా అమ్మ స్నానాలగదిలో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని భయం అతుక్కోలేదు. ఆ తర్వాత రెండేళ్లు మెట్లు దిగలేదు. 'పడతావే, జాగ్రత్త' అని నాకు చిన్నప్పటినుంచీ చెప్పిన అమ్మకి ఎలా పడాలో ఎవరూ చెప్పలేదు. పార్కూర్‌లో పడటమే మొదటి పాఠమని తెలిసినప్పుడు నాకు ఆసక్తి కలిగింది.

గడ్డిమీద మోకాళ్లమీద కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, ఒక భుజం మీంచి వీపుకి అడ్డంగా ఎదుటి తుంటి వైపు దొర్లాలి. తల నేలకి తగలకూడదు. దానికి ముందు శరీరం సిద్ధం కావాలి. వారానికి మూడు రోజులు, రోజుకి అరగంట. పది బస్కీలు మూడు విడతలు. చిన్నప్పుడు శిక్షగా తీసిన గుంజీలే, చెవులు వదిలేస్తే చాలు. దండీలు నేలమీద రాకపోతే ముందు గోడకి, తర్వాత బల్లకి, తర్వాత మెట్టుకి చేతులు ఆనించి తీయాలి. మోకాళ్లు నేలకి తగలకుండా నాలుగు కాళ్ల నడక. కడ్డీ పట్టుకుని వేలాడటం పది సెకన్లతో మొదలై నెలల మీద అరనిమిషానికి చేరుతుంది. ఆ తర్వాతే దూకడం, అదీ ఒక్క మెట్టు ఎత్తునుంచి. మునివేళ్ల వెనకభాగం మీద దిగి మోకాళ్లు వంచాలి. చప్పుడు ఎంత తగ్గితే అంత బాగా దిగినట్టు.

దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూసుకోవాలి. మోకాలి లోపలి స్నాయువు తెగే ప్రమాదం దూకే ఆటల్లో ఆడవాళ్లకి మగవాళ్లకన్నా చాలా ఎక్కువ. తొడల, పిరుదుల బలం పెంచితే, దిగే తీరు సరిచేసుకుంటే అది తగ్గుతుంది. కండ వారాల్లో గట్టిపడుతుంది గాని స్నాయుబంధనాలకి నెలలు కావాలి. అందుకే తొందర పనికిరాదు. ఇంకో మాట, ఎవరూ పైకి చెప్పనిది. కాన్పులయినవాళ్లలో, ముట్లుడిగే వయసువాళ్లలో చాలామందికి గెంతితే మూత్రం చుక్కలు పడుతుంది. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, భరించి ఊరుకోవాల్సిందీ కాదు. కటి కండరాల వ్యాయామాలున్నాయి. ఫిజియోథెరపిస్టుని అడగాలి, అది తగ్గాకే గెంతులు మొదలుపెట్టాలి.

'ఇంటి పనిని మించిన వ్యాయామం ఏముంది?' అని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్లలో ఇల్లు ఊడ్చేవాళ్లు తక్కువ. ఊడ్చినా, తోమినా, నాటు వేసినా అదే వంగుడు, అదే నడుము. బరువు మన ఇష్టప్రకారం పెరగదు, తగ్గదు, ఆగదు. వ్యాయామంలో విశ్రాంతి కూడా పాఠంలో భాగం. ఇవాళ చేస్తే రేపు ఆగాలి, ఆగినప్పుడే కండ బలపడుతుంది. ఏ వంటింటి గోడమీదా ఆ సెలవు రాసి లేదు. మా ఇంట్లో పనిచేసే ఆమెకి నాకన్నా చేతుల్లో బలం ఎక్కువ, నడుంనొప్పీ ఎక్కువే. నా అరగంట వెనుక ఆమె రెండు గంటలున్నాయన్న సంగతి దాటేసి సాధికారత గురించి మాట్లాడలేను.

పెద్దలు వారంలో కనీసం రెండు రోజులు కండరాల బలం పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఎక్కడ చేయాలి? పార్కులో తెల్లవారుజామున నాలుగు కాళ్లమీద నడిచే నడివయసు స్త్రీని చూడటానికి ఆగేవాళ్లు ఉంటారు. మొదటి నెల చున్నీ వదల్లేదు. ముగ్గురం కలిశాక వదిలేశాం. లైట్లు వెలిగే పార్కు, శుభ్రమైన మరుగుదొడ్డి, పక్కన ఇంకో ఇద్దరు ఉండటం కూడా బస్కీలంత అవసరమే.

ఏడాదిన్నర అయింది. నడుమెత్తు పిట్టగోడ చేతులాన్చి దాటగలను. అంతకుమించి ఎత్తుమీద నాకు మోజు లేదు. అమ్మ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా రోజుకి ఐదుసార్లు లేచి కూర్చుంటోంది. కిందటి వారం ఆరోసారి కూడా లేచి, 'నీ లెక్క ప్రకారం ఇవాళ సెలవు కదే' అంది.