థైరాయిడ్ రిపోర్టులో మూడో లైను

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి. మేము మరిపెడ మండలంలోని ఒక తండా పిల్లలం. మా కాకాకు వచ్చిన జబ్బు గురించి, ఆయన సరే అన్నాకనే రాస్తున్నాం.

కాకా మిర్చి తోటలో పొద్దంతా పనిచేసే మనిషి. ఏడాదిలో బాగా చిక్కిపోయిండు. తిండి తగ్గలేదు, ఇంకా ఎక్కువే తింటుండె. చేతుల వణుకు, చలికాలంలో కూడా చెమట, గుండె దడ. ఎండకు, పనికి అట్లయిందని ఇంట్లో అనుకున్నరు. రక్తపరీక్షలో టీ3, టీ4 ఎక్కువ వచ్చినయి. గోలీలు రాసిన్రు. నెలలు గడిచినా గొంతు వాపు పెరిగింది గానీ తగ్గలేదు. తలనొప్పి మొదలైంది. ఒక ప్రైవేటు దవాఖానలో గొంతు ఆపరేషన్ చేసి గ్రంథి తీసేద్దామన్నరు. ఉన్న ఎకరం కుదువ పెట్టాలనే మాట కూడా వచ్చింది.

అప్పుడు నర్సింగ్ చదివే మా చెల్లె పాత రిపోర్టులన్నీ వరుసగా పెట్టి చూసింది. మూడో లైనులో టీఎస్‌హెచ్ ఉంది. అది ప్రతిసారీ ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే.

అసలు సంగతి ఇక్కడుంది. టీఎస్‌హెచ్ మెదడు కింద శనగ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తది. థైరాయిడ్‌కు పని చెప్పేది అదే. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే పిట్యూటరీ ఊరుకోవాలి. చాలామందికి వచ్చే గ్రేవ్స్ జబ్బులో టీఎస్‌హెచ్ దాదాపు సున్నాకు పడిపోతది. కాకాకు పడలేదు. అంటే తప్పు గొంతులో కాక పైన ఉండొచ్చు.

హైదరాబాద్ పెద్దదవాఖానలో హార్మోన్ల డాక్టరు రెండు అనుమానాలు చెప్పిండు. ఒకటి, పిట్యూటరీలో టీఎస్‌హెచ్ తయారుచేసే గడ్డ. రెండోది, పుట్టుకతో వచ్చే థైరాయిడ్ హార్మోన్ రెసిస్టెన్స్. ఇది జన్యువులో లోపం, అందుకే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు కూడా పరీక్ష చేస్తరు. దీన్ని డాక్టర్ రెఫెటాఫ్ బృందం 1967లో మొదట వివరించింది. చాలామందికి దీనికి మందే అక్కర్లేదు, గుండె దడకు గోలీ చాలు. రెండింట్లో ఏదైనా థైరాయిడ్ తీసేస్తే అసలు కారణం అట్లనే ఉంటది.

ఇంట్లో అందరి రిపోర్టులు బాగున్నయి. కాకా ఎమ్మారైలో గడ్డ కనబడ్డది. ముందు ఇంజెక్షన్లతో హార్మోన్ తగ్గించి, ముక్కు లోపలి నుంచి ఆపరేషన్ చేసి తీసిన్రు. గడ్డ పూర్తిగా రాకపోతే ఆక్ట్రియోటైడ్ లాంటి ఇంజెక్షన్లు, అవసరమైతే రేడియేషన్ ఉంటయని చెప్పిన్రు. ఇప్పుడు కాకా బరువు పెరుగుతుండు. పరీక్షలకు మాత్రం పోతనే ఉండాలె.

అక్కచెల్లెళ్లకు ఇంకో ముచ్చట. ముత్యాల గర్భం, అంటే మోలార్ ప్రెగ్నెన్సీలో హెచ్‌సీజీ విపరీతంగా పెరుగుతది. దాని ఆకారం టీఎస్‌హెచ్‌ను పోలి ఉంటది కాబట్టి థైరాయిడ్‌ను రెచ్చగొడుతది. గర్భంతో ఉండి ఆగని వాంతులు, రక్తస్రావం, గుండె దడ ఉంటే వెంటనే స్కానింగ్ చేయించాలె. గర్భసంచి శుభ్రం చేశాక థైరాయిడ్ సర్దుకుంటది. హెచ్‌సీజీ పూర్తిగా తగ్గేదాకా పరీక్షలు ఆపొద్దు.

ఎండోక్రైనాలజీ విభాగం నిమ్స్‌లో, ఉస్మానియాలో ఉంది. టీ3, టీ4తో పాటు టీఎస్‌హెచ్ కూడా చేయించమని అడగండి. జుట్టు కోసం బయోటిన్ గోలీలు మింగుతుంటే ముందే చెప్పండి, అవి రిపోర్టును తారుమారు చేస్తయి. పాత కాగితాలు పారేయొద్దు. డాక్టరు రాసిన మందు సొంతంగా ఆపొద్దు, అనుమానం ఉంటే అడగండి.

మన తండాల్లో, గూడేల్లో ఇంగ్లీషు రిపోర్టు చదవగలిగేది మనమే. ఈ ఆదివారం ఇంటికి పోయినప్పుడు యాడి సంచిలో ఉన్న కాగితాలు ఒకసారి తీసి చూడండి.