ఆనవాళ్ళ పుస్తకం

ప్రతి నవంబరులోనూ మా సంఘంలో నన్ను సాక్ష్యం చెప్పమంటారు. ఉప్పెనలో దేవుడు నిన్నెలా కాపాడాడో చెప్పమ్మా అంటారు. నేను లేచి ఆ మాట చెప్పలేను. మా అమ్మ, తమ్ముడు, అమ్మమ్మ ఆ నీళ్ళలోనే పోయారు. వాళ్ళు నాకంటే తక్కువ ప్రార్థన చేసినవాళ్ళేం కాదు. అందుకని ఆ తర్వాతి రోజుల్లో మా నాన్న నాచేత చేయించిన పని గురించి చెబుతాను. ఇవాళ నాకంటూ ఉన్న విశ్వాసం ఆ పనిలో దొరికిందే.

మాది దివిసీమ. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ రెండు పాయలకీ, సముద్రానికీ మధ్య ఉన్న నేల. మా ఊరు నాగాయలంకకి దిగువన. నాన్న సంఘంలో ఉపదేశి. జీతంతో ఇల్లు గడవక కోతల రోజుల్లో కూలికి కూడా వెళ్ళేవాడు. మా పేట ఊరికి పల్లంలో, కాలవ గట్టు కింద. అన్నీ తాటాకు ఇళ్ళే. నేనప్పుడు పదో తరగతి పాసై ఇంట్లో ఉన్నాను.

1977 నవంబరు 19, శనివారం. తుఫాను కబురు రేడియోలో చెప్పారు. తుఫాన్లు మాకు కొత్త కాదు. మధ్యాహ్నానికి ఇళ్ళ కప్పులు లేచిపోవడం మొదలయ్యేసరికి నాన్న పేటలో అందినవాళ్ళనందరినీ బడి డాబా మీదికి తోలుకొచ్చాడు. నడవలేని అమ్మమ్మని తీసుకొస్తానని అమ్మ వెనక్కి వెళ్ళింది. తమ్ముడు ఆమె కొంగు వదల్లేదు. చీకటి పడే వేళకి సముద్రం ఊళ్ళోకి వచ్చేసింది. ఐదారు మీటర్ల ఎత్తున అల లేచిందని తర్వాత పేపర్లలో రాశారు. నేను చూసిందేమీ లేదు, చప్పుడు విన్నాను అంతే. నీళ్ళు డాబా అంచుదాకా వచ్చాయి. రాత్రంతా ఒకరినొకరు పట్టుకుని బోర్లా పడుకున్నాం. గాలికి కొట్టుకొచ్చిన రేకు ఒకటి నాన్న కుడి అరచేతిని నిలువునా కోసేసింది.

తెల్లవారితే ఆదివారం. ఆరాధన చేసుకుని దిగుదామని ఎవరో అన్నారు. నాన్న అందరిచేతా పరలోక ప్రార్థన ఒక్కటి చెప్పించి, చేతికి పంచె చింపి కట్టుకుని, కిందికి దిగిపోయాడు.

కోతకి వచ్చిన చేలన్నీ బురద కింద ఉన్నాయి. తుమ్మకంపల్లో మనుషులూ గొడ్లూ కలిసిపోయి చిక్కుకున్నారు. చాలామంది ఒంటిమీద నూలుపోగు లేదు. బావులన్నీ ఉప్పునీళ్ళు. దారులు తెగిపోవడంతో బయటివాళ్ళు రావడానికి ఆలస్యమైంది. అందాకా పడిపోయిన చెట్ల కొబ్బరిబోండాలే మాకు నీళ్ళు. తర్వాత హెలికాప్టర్లు పొట్లాలు వేశాయి. మిలటరీవాళ్ళు, విద్యార్థులు, సేవా సంఘాలవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మొత్తం మీద పోయినవాళ్ళు పదివేల మంది అన్నారు. అంతకంటే చాలా ఎక్కువేనని మావాళ్ళంటారు.

తమ్ముడు కాలవ మలుపులో దొరికాడు. అమ్మా అమ్మమ్మా దొరకలేదు.

తమ్ముణ్ణి పూడ్చిన మర్నాడు నాన్న సాయానికొచ్చినవాళ్ళని అడిగి ఒక నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చాడు. పెన్నైతే తడికి సిరా అలుక్కుపోతుందని పెన్సిలే కావాలన్నాడట. “నా చెయ్యి పనికిరాదు. నువ్వు రాయాలమ్మాయ్” అన్నాడు. దొరికిన ప్రతి శవాన్నీ పూడ్చేముందు, కాల్చేముందు, ఆనవాళ్ళు రాయాలి. ఎవరి మనిషైనా సరే. ఎక్కడ పెట్టామో కూడా రాయాలి. వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి చెప్పడానికి ఒక మాటన్నా ఉండాలి కదా అన్నాడు.

నేను చెయ్యనన్నాను. అమ్మ ఎక్కడుందో తెలియకుండా నేనెవరి ఆనవాళ్ళు రాయాలి అని ఏడ్చాను. నాన్న బతిమాలలేదు, కోప్పడలేదు. నన్ను పక్కన కూచోబెట్టుకుని రిస్పా సంగతి చెప్పాడు. సమూయేలు రెండో గ్రంథంలో ఉంది. ఉరితీసిన తన ఇద్దరు కొడుకులతోబాటు ఇంకో ఐదుగురి శవాల పక్కన కొండమీద గోనెపట్ట పరుచుకుని, పగలు పక్షులు వాలకుండా, రాత్రి మృగాలు ముట్టకుండా కాపలా కాసిన తల్లి. కోతలు మొదలైన దగ్గర్నుంచి వాన కురిసేదాకా కాసింది. ఆ ఐదుగురూ ఆమె కన్నబిడ్డలు కారు. “కాసేటప్పుడు తన పిల్లల్నొక్కళ్ళనే కాయలేదు” అన్నాడు. తర్వాత పెన్సిలు నా చేతిలో పెట్టి ముందు నడిచాడు. నేను వెనకాల వెళ్ళాను. విశ్వాసంతో వెళ్ళానని చెప్పను. నాన్న వెళ్తున్నాడు కాబట్టి వెళ్ళాను.

ఆ పని ఎలా ఉండేదో ఉన్నదున్నట్టు చెప్పాలి. రెండు మూడు రోజులయ్యాక ముఖం చూసి మనిషిని పోల్చుకోలేం. చేతులు చూడాలి, కాళ్ళు చూడాలి. పచ్చబొట్టు, మెట్టెలు, మొలతాడు, కట్టుడు పన్ను, జాకెట్టు కుట్టిన తీరు, హుక్కు ఊడితే పెట్టుకున్న పిన్నీసు. ఆడవాళ్ళయితే నాన్న అటు తిరిగి నిలబడేవాడు. ముళ్ళలో చిక్కుకున్న జుట్టు నేనే కత్తెరతో కోసి విడిపించి, ఒళ్ళు కడిగి చూసి, గోనెపట్ట కప్పి పిలిచేదాన్ని. ముక్కుకి కట్టుకున్న గుడ్డ వాసనని ఆపేది కాదు. “ఆడమనిషి, పాతికేళ్ళుండొచ్చు, ఎడమ ముంజేతిమీద నెమలి పచ్చబొట్టు, తోక సగం చెరిగింది, కాలవ గట్టు మీద రెండో తాడి పక్కన” – ఇలా ఉండేవి నేను రాసినవి. పసిపిల్లలకి రాయడానికి ఏమీ ఉండేది కాదు. అప్పుడు నాన్న “దిష్టిచుక్క ఉందేమో చూడు, మొలతాడుకి ఏం కట్టారో చూడు” అనేవాడు.

అప్పట్లో మామూలుగా మా పేట శవం ఊరి దారిన పోకూడదు. ఉప్పెన తర్వాత ఊళ్ళో పెద్దాయన ఒకాయన వచ్చి, “అయ్యగారూ, మా ఇంటివాళ్ళది కూడా మీ చేత్తోనే కానివ్వండి” అని నాన్న ముందు నిలబడ్డాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ పాతమాట ఎత్తలేదు. పూడ్చడమా కాల్చడమా అని కూడా ఎవరితోనూ వాదించలేదు. చిన్న ప్రార్థన తనలో తాను చేసుకునేవాడు. పైకి చేసేది మనవాళ్ళకి మాత్రమే.

ఇది దేవుడి తీర్పు, ఈ సీమ పాపం పండింది అని చెప్పిన బోధకులు అప్పుడు వచ్చారు. ఇప్పటికీ ఏ ఊరు మునిగినా ఆ మాట అనేవాళ్ళున్నారు. ఆ మాట నాకు అసహ్యం. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులని అనుకోవద్దని యేసు స్పష్టంగా చెప్పాడు. నాన్న అదే చూపించి వాళ్ళని పంపేశాడు. అన్నం పంచేచోట వాక్యం చెప్పనిచ్చేవాడు కాదు. ఆకలిమీదున్నవాడు దేనికైనా అవునంటాడు, అలా చెప్పించుకున్నది ప్రభువుకి అక్కర్లేదు అనేవాడు.

ఆ రోజుల్లో నాకు ప్రార్థన రాలేదు. మోకరిస్తే నీళ్ళ చప్పుడే వినపడేది. ఆ సంగతి నాన్నతో చెప్పాను. “రాకపోతే మానెయ్యమ్మా. పొద్దున్నే పుస్తకం పట్టుకుని మాత్రం రా” అన్నాడు. అలాగే వెళ్ళేదాన్ని. ఆ నెలల్లో నేను దేవుడికి లోబడింది అంతవరకే. అంతకుమించి నా దగ్గర లేదు.

జనం వెతుక్కుంటూ రావడం మొదలైంది. బడి అరుగు మీద కూచుని పుస్తకం చదివి వినిపించేదాన్ని. చాలామంది విని, ఏమీ తగలక, పక్క ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు. రేపల్లె వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన చెల్లెలు కోతలకని మా వైపు వచ్చి ఉందట. నెమలి పచ్చబొట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగమన్నాడు. తోక ఎందుకు సగం చెరిగిందో చెప్పాడు, చిన్నప్పుడు గంజి ఒలికి కాలిందట. కాలవ గట్టుకి తీసుకెళ్ళి చూపించాం. చాలాసేపు అక్కడే కూచుని, “ఒంటిమీద ఏమన్నా కప్పారా అమ్మా?” అని అడిగాడు. కప్పాను అన్నాను. ఆయన ఆ రోజు వెళ్ళలేదు. పార పట్టుకుని కొన్నాళ్ళు మాతోనే గోతులు తవ్వాడు. మా దేవుణ్ణి గురించి ఆయన అడగలేదు, నాన్న చెప్పలేదు.

ఆ సాయంత్రం నాన్న అన్నాడు, మీ అమ్మ ఏ ఊరి రేవులో దొరికిందో, ఎవరు గోనెపట్ట కప్పారో మనకి తెలియదు, కప్పి ఉంటారనుకుందాం అని. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నేను ప్రార్థన చేశాను. అమ్మ శవాన్ని ముట్టుకున్నవాళ్ళెవరో, వాళ్ళని దీవించమని అడిగాను. అమ్మా అమ్మమ్మా ఇవాళ్టికీ దొరకలేదు.

తర్వాతి కథ పెద్దగా లేదు. చేలల్లో ఉప్పు కరగడానికి కాలవనీళ్ళు పెట్టీ తీసీ ఏళ్ళు పట్టింది. నేను ఏఎన్ఎం ట్రైనింగుకి వెళ్ళాను. ఉద్యోగమంతా పల్లెల్లోనే గడిచింది. పురుళ్ళు, సూదులు, టీకాలు, కుష్ఠు మాత్రలు. నాన్న చెయ్యి సరిగ్గా మూతపడలేదు గానీ, ఆ చేత్తోనే చివరిదాకా భూస్థాపనలు చేశాడు. పుస్తకంలో ఉన్నదాన్ని కాపీ రాసి అధికారులకిచ్చాం. అసలుది అరిగి చినిగిపోయినా నా దగ్గరే ఉంది.

రిటైరయ్యాక సంఘంలో నేనడిగి తీసుకున్న పని ఒకటే, పోయిన ఆడవాళ్ళకి స్నానం చేయించి బట్టలు కట్టడం. పాటకీ ప్రసంగానికీ పేర్లిచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, దీనికి ఎవరూ ముందుకి రారు. కిందటేడు ఇద్దరు పిల్లలు వస్తామన్నారు. మొదటిసారి ఒకమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయి, “భయంగా ఉందమ్మగారూ, ముందు ప్రార్థన చేసుకుందామా?” అంది. చేసుకుందాం, ఆలోపు నీళ్ళు గోరువెచ్చగా కాగనీ అన్నాను. లోపలికి వచ్చి బకెట్టు అందుకుంది.