వెనక్కి తన్నిన బుల్లెట్టు

మా నాయన 1976లో కొన్న బుల్లెట్టు మొన్న మావాణ్ణి తన్నింది. కిక్కర్ వెనక్కి కొట్టి పిక్క వాచింది. వారం రోజులు కుంటాడు. "ఎవరో అడుగుతున్నారు కదా, ఇచ్చెయ్యండి" అంది మా ఆవిడ. మా హోసూరులో పాత బుల్లెట్లకు గిరాకీ బాగానే ఉంది.

నేను బి.కాం. చదివి బ్యాంకులో పద్దులు చూసే మనిషిని. తప్పు ఎక్కడుందో తేలకుండా ఖాతా మూసెయ్యడం నాకు చేతకాదు. కిక్కర్ వెనక్కి తన్నిందంటే నిప్పురవ్వ పడవలసిన దానికంటే ముందే పడుతోందన్నమాట. ఆలస్యంగా పడితే బండికి లాగే బలం ఉండదు, సైలెన్సర్ కాగిపోతుంది. ఇదంతా నాయన దగ్గర విన్నదే. ఆయన సి.బి. పాయింట్ల మధ్య సిగరెట్టు కాయితం పెట్టి, అది జారే క్షణాన్ని చూసేవాడు. సిగరెట్టు మానేశాక కూడా కాయితం కోసమని ఒక పెట్టె దాచుకున్నాడు. (అమ్మ ఆ మాట నమ్మలేదనుకోండి.)

నేను అమ్మీటరును నమ్ముకున్నాను. ముందు పాయింట్ల గ్యాపు 0.35 మిల్లీమీటర్లకు పెట్టాను. గ్యాపు మారితే టైమింగూ మారుతుంది గనుక ఆ వరస తప్పకూడదు. ప్లగ్గు తీసి, సైకిలు కంబి దించి, పిస్టన్‌ను పైకొసకు 0.8 మిల్లీమీటర్ల కింద నిలిపాను. తాళం తిప్పితే ముల్లు ఒక పక్కకు వాలింది. డిస్ట్రిబ్యూటర్‌ను పిసరంత తిప్పగానే మధ్యకు వచ్చింది, అంటే పాయింట్లు విడ్డాయి. లెక్క ట్యాలీ. కిక్ కొట్టాను. మళ్ళీ తన్నింది, ఈసారి నన్ను.

ట్రయల్ బ్యాలెన్సు ట్యాలీ అయినా పద్దుల్లో తప్పు దాగి ఉండవచ్చని బి.కాం.లో పరీక్ష రాసినవాణ్ణే!

బాగలూరు రోడ్డులో నాయనకు తెలిసిన ముసలి మెకానిక్కు ఉన్నాడు. "నిలబెట్టి చూస్తే సరిగ్గానే ఉంటాది సామీ. తిరిగేటప్పుడు కదా దాని గుణం తెలిసేది" అన్నాడు. పాయింట్ల పలక తీశాడు. దాని కింద రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు. ఇంజను వేగం పెరిగితే బరువులు విచ్చుకుని నిప్పును ముందుకు జరుపుతాయి, తగ్గితే స్ప్రింగులు వెనక్కి లాగుతాయి. క్యామ్‌ను వేళ్ళతో తిప్పి వదిలాడు. అది అక్కడే ఉండిపోయింది. ఒక స్ప్రింగు సాగిపోయింది. కిక్ కొట్టిన ఆ కాస్త ఊపుకే బరువులు విచ్చుకుంటున్నాయి.

కొత్త స్ప్రింగులు వేసి మావాణ్ణి పిలిచాడు. "తిప్పి వదులు నాయనా. టక్కని వెనక్కి రావల్ల." మూడుసార్లు తిప్పి చూశాడు. ఇంట్లో తెలుగులో పలకరిస్తే తమిళంలో బదులిచ్చేవాడు, "ఇప్పుడు వచ్చె కదా" అన్నాడు మెకానిక్కుతో.

కిక్ కూడా వాడే కొట్టాడు. నేను రెండడుగులు వెనక్కి జరిగాను. రెండో కిక్కుకు అందుకుంది.

కొంటానన్న ఆయనకు ఇంకా ఫోను చెయ్యలేదు.