కిటికీ అవతల పెళ్లి

ముహూర్తం రాత్రి పన్నెండు గంటల పద్నాలుగు నిమిషాలకి. ఫొటోగ్రాఫర్ మాత్రం మధ్యాహ్నం రెండింటికే పంటు దిగేశారు. కోనసీమలో ఓ లంక గ్రామం అది. రేవు నుంచి పెళ్లింటికి కొబ్బరి తోటల మధ్యగా కిలోమీటరు నడక. వెనకాల లైటు స్టాండ్లు మోసుకుంటూ వస్తున్న అసిస్టెంటు కుర్రాడు దారంతా గొణుగుతూనే ఉన్నాడు. ‘‘ఇంత పెందలాడే ఎందుకండీ మాస్టారూ? పెళ్లికూతురిని చేసేది సాయంత్రం కదండీ!’’

ఆయనేం మాట్లాడలేదు. పెళ్లింట్లో అడుగుపెట్టాక కూడా కెమెరా బయటికి తీయలేదు. పందిరి చుట్టూ ఓసారి తిరిగారు. ఇంటి చుట్టూ ఓసారి తిరిగారు. పెరట్లో గాడిపొయ్యి దగ్గర నిలబడి మంచినీళ్లడిగి తాగారు. ఏ గదికి ఎన్ని తలుపులున్నాయో, ఏ కిటికీ ఎటు చూస్తుందో గమనించుకుంటూ వచ్చారు. ‘‘ఆయ్, ఫొటోలాయనేంటండీ, ఇల్లు కొనడానికొచ్చినట్టు చూస్తున్నారు!’’ అని వసారాలో కూర్చున్న పెద్దాయనొకరు నవ్వారు.

చూసుకోకపోతే కుదరదు మరి. పల్లెటూరి పెళ్లిలో వెలుతురు ఫొటోగ్రాఫర్ మాట వినదు. కొబ్బరాకు పందిరైతే పగటి పూట సందుల్లోంచి ఎండ పడి పెళ్లికూతురి ముఖం నిండా తెల్లమచ్చలు తేలతాయి. ఎర్ర గుడ్డ షామియానా వేశారంటే ఇంటిల్లిపాదీ జ్వరం వచ్చినవాళ్లలా కనిపిస్తారు. దాని మీదకి ఫ్లాష్ తిప్పి కొడితే ఇంకా ఎరుపు. హోమం మొదలైతే పొగ. ఇక కరెంటు సంగతి సరేసరి. జనరేటరుందని అందరూ చెబుతారు, డీజిలు ఉందో లేదో ఎవరూ చెప్పరు.

కానీ ఆయన అలా తిరిగింది వెలుతురు కోసం మాత్రమే కాదు. ఆ తిరుగుడుకి వెనక ఒక కథ ఉంది.

తొంభైల్లో ఆయన పని నేర్చుకున్నది ఓ చిన్న స్టూడియోలో. అప్పుడంతా రీళ్ల లెక్క. ఒక్కో రీలుకి 36 ఫొటోలు, చేయి తిరిగినవాడైతే ఒకటో రెండో ఎక్కువ లాగేవాడు. పెళ్లికి నాలుగు రీళ్లని బేరమాడుకుంటే, ఆ 144లోనే పెళ్లంతా ఇమడాలి. పెళ్లికొడుకుని చేయడానికి సగం రీలు, పెళ్లికూతురికి సగం, చదివింపులకి ఓ రీలు... అని గురువుగారు ముందే పంచేసేవారు. ‘‘నొక్కిన ప్రతిసారీ మన డబ్బులు ఖర్చవుతున్నాయని గుర్తుపెట్టుకోరా’’ అనేవారు.

అన్నిటికన్నా పెద్ద గండం జీలకర్ర బెల్లం. మనవాళ్లకి అసలు ముహూర్తమంటే అదే. అడ్డుతెర దించడం, ఒకరి నెత్తిన ఒకరు చేయి పెట్టడం, గట్టిమేళం మోగడం... అంతా ఒక్క ఊపులో అయిపోతుంది. సరిగ్గా అప్పుడే ఫ్లాష్‌లో బ్యాటరీలు నీరసించేవి. ఒకసారి వెలిగాక మళ్లీ ఆ చిన్న ఎర్రదీపం వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడాలి. ఆ కాస్త వ్యవధిలో తెర దిగిపోతే? మళ్లీ పెట్టించడానికి అదేమైనా నాటకమా! తాళి దగ్గర మాత్రం గురువుగారు నాటకమే ఆడించేవారు. ‘‘బాబూ, ఒక్కసారి ఇటు చూడండి!’’ అనగానే పెళ్లికొడుకు ముడి వేయడం ఆపేసి, కెమెరా వైపు తిరిగి నవ్వేవాడు. పురోహితుడు విసుక్కునేవారు. పాత ఆల్బం తిరగేయండి, ఆ నవ్వు మీ ఇంట్లోనూ ఉంటుంది.

1999 వేసవిలో గురువుగారు తొలిసారి ఆయన్ని ఒంటరిగా ఓ పెళ్లికి పంపారు. నాలుగు రీళ్లూ లెక్క తప్పకుండా తీసుకొచ్చారు. తెర దించడం, తాళి, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, అన్నీ పడ్డాయి. గురువుగారు భుజం తట్టారు.

ఏడాది తిరక్కుండానే ఆ ఇంటివాళ్లు స్టూడియోకి వచ్చారు. పెళ్లికూతురి నాయనమ్మ పోయింది. పటం కట్టించడానికి ఒక్క ఫొటో కూడా లేదు. ‘‘పెళ్లిలో ఎక్కడో ఒకచోట పడే ఉంటుంది, చూడండి బాబూ’’ అన్నారు. నెగెటివ్‌లన్నీ దీపం ముందు పెట్టి వెతికారు. 144 ఫొటోల్లో ఆవిడ ఒక్కదాంట్లో ఉంది. అదీ వసారా స్తంభం వెనక, సగం ముఖం, తెల్లచీర అంచు కొంచెం. ఆవిడ విధవరాలు. పందిట్లోకి రాలేదు. రాని మనిషి వైపు కెమెరా తిప్పమని ఎవరూ చెప్పలేదు, ఆయనకీ తోచలేదు. ఆ సగం ముఖాన్ని ల్యాబ్‌లో పెద్దది చేయిస్తే ఇసక చల్లినట్టు గింజలు తప్ప ఏమీ మిగల్లేదు. చివరికి ఓ ఆర్టిస్టు ఆ గింజల్ని, ఆవిడ కూతురి ముఖాన్ని పక్కపక్కన పెట్టుకుని బొమ్మ గీశాడు. దండ వేసిన ఆ పటంలో ఇప్పటికీ ఉన్నది ముప్పాతిక వంతు కూతురే.

పల్లెల్లో చాలామంది పెద్దవాళ్లకి ఫొటో దిగే సందర్భమంటే ఎవరిదో ఒకరి పెళ్లే. పోయాక అందులోంచి ముఖం కత్తిరించి పటం కట్టిస్తారు. ఆ సంగతి ఫొటోగ్రాఫర్లందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అప్పట్నుంచి ఆయన పద్ధతి మారింది. ముహూర్తం ముందు ఇల్లంతా తిరిగి, పందిట్లోకి ఎవరు రారో కనుక్కుంటారు. వంటల దగ్గర కదలకుండా ఉండేవాళ్లు, మంచంలో ఉన్న తాతలు, గేదెలకి గడ్డి వేయడానికి ఉండిపోయినవాళ్లు. ముందు వాళ్ల ఫొటోలు తీశాకే మిగతా పెళ్లి. కొడాక్ కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసేనాటికే రీళ్ల బెడద పోయి కార్డులొచ్చాయి. ఇప్పుడు ఒక్క పెళ్లికి వేలల్లో తీస్తున్నారు. డ్రోన్లు ఎగురుతున్నాయి. పెళ్లికి ముందే కాబోయే దంపతులు పొలం గట్ల మీద సినిమా పాటలకి నడుస్తున్నారు. ‘ఇటు చూడండి’ అనకుండా తీయడాన్ని క్యాండిడ్ అని రెట్టింపు రేటు చెబుతున్నారు. అన్ని వేలల్లోనూ స్తంభం వెనకున్న మనిషి పడుతోందా అంటే, పడటం లేదు.

ఇక లంకలో పెళ్లి సంగతి. 2022 వేసవి. ఆ మధ్యాహ్నం తిరుగుడులో ఆయనకి తెలిసిందేమిటంటే, పందిట్లోకి రాని మనిషి ఈసారి పెళ్లికూతురి తల్లే. భర్త పోయి ఆరేళ్లయింది. కన్యాదానం పెదనాన్న, పెద్దమ్మల చేతుల మీదుగా. ఆవిడ ఇనపచువ్వల కిటికీ ఉన్న చిన్నగదిలో ఉంటుందట.

‘‘ఎవరూ వద్దనలేదు బాబూ. నేనే అనుకున్నాను. రేపు ఏదైనా జరిగితే నావల్లేనని నాకే అనిపిస్తుంది కదా’’ అంది ఆవిడ పసుపు దంచుతున్నవాళ్లకి చేటలు అందిస్తూ, గుమ్మం దాటకుండానే. కూతురు ఏడ్చి బతిమాలిందట. ఆయన ఏమీ అనలేదు. పిలిచింది ఫొటోలకి, తీర్పులకి కాదు.

‘‘తాళి కట్టేటప్పుడు ఈ గదిలోంచి ఓ ఫొటో తీసుకోవచ్చామ్మా?’’ అనడిగారు. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. పమిట చెంగు సర్దుకుంది.

చిక్కంతా అక్కడే. పందిట్లో వెలుగు, గదిలో చీకటి. బయటి పెళ్లి కనపడేలా తీస్తే ఆవిడ నల్లటి నీడైపోతుంది. ఆవిడ ముఖం కనపడేలా తీస్తే బయటంతా తెల్లగా పాలిపోతుంది. ఫ్లాష్ వేద్దామా అంటే ఆ మెరుపుకి పందిరంతా ఇటు తిరుగుతుంది. ఆవిడ కోరుకోనిది సరిగ్గా అదే. ఆయన పక్కగదిలో ట్యూబులైటు వేయించి, మధ్య తలుపు జానెడు తెరిచి చూశారు. ఆ కాస్త వెలుతురు సున్నం గోడ మీద పడి ఆవిడ చెంప దాకా వచ్చింది. ఇది కుర్రాడికి అప్పగించే పని కాదు. మరి తాళి?

‘‘తాళి నువ్వు తియ్యరా’’ అన్నారు. పంతొమ్మిదేళ్లవాడు, నోట మాట రాలేదు.

రాత్రి గట్టిమేళం మొదలవగానే పందిట్లో జనం లేచి నిలబడ్డారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. కిటికీలోంచి వీపులు తప్ప ఏమీ కనబడలేదు. ఆవిడ అటూ ఇటూ చూసి, గోడవార ఉన్న ట్రంకుపెట్టె ఎక్కింది. ఎడమచేత్తో చువ్వ పట్టుకుంది. కుడి గుప్పిట్లో అక్షింతలు. ఎప్పుడు తెచ్చుకుందో ఏమో! మూడో ముడి పడిందని కేకలు వినపడ్డాక చువ్వల మధ్య నుంచి చేయి బయటికి పెట్టి విసిరింది. అవి పందిరిదాకా వెళ్లలేదు, వసారాలోనే రాలాయి. ఆయన మూడు ఫొటోలు తీశారు.

బయట మగపెళ్లివారు రుసరుసలాడుతున్నారు. ‘‘తాళి కట్టేటప్పుడు పెద్దాయన లేకపోవడమేంటండీ? కుర్రాణ్ని వదిలేసి భోజనాలకెళ్లారా?’’ ఆయన సంజాయిషీ చెప్పలేదు. కుర్రాడు తీసినవి 22. వాటిల్లో ఇరవై ఒకటి ఎవరివో చేతులు, ఫోన్లు, జడలు. ఒక్కటి మాత్రం నిలిచింది. పెళ్లికూతురు తలవంచుకునే కళ్లెత్తి ఎటో చూస్తున్న ఫొటో. ఎటు చూస్తోందో మీకూ తెలుసు.

ఆల్బం ఖరారు చేసే రోజున పెదనాన్న కిటికీ ఫొటో దగ్గర ఆగిపోయారు. ‘‘బాగానే ఉందండి కానీ, శుభమా అని పెళ్లి పుస్తకంలో ఇదెందుకండీ’’ అన్నారు. ఆయన వాదించకుండా దాన్ని తీసేశారు. పెద్ద సైజులో ప్రింటు వేయించి, విడిగా కవర్లో పెట్టి పెళ్లికూతురి చేతికిచ్చారు. దాన్ని బిల్లులో వేయలేదు.

కార్తీకమాసంలో ఓ రోజు తల్లే స్టూడియోకి వచ్చింది. బాకీ డబ్బులు బల్ల మీద పెట్టింది. తన ఫొటో గురించి అడుగుతుందేమోనని ఆయన ఎదురుచూశారు. ఆవిడ అడగలేదు.

‘‘తాళి కడుతున్నది ఒక్కటి నాకు విడిగా ఇస్తారా బాబూ? ఆ రాత్రి నాకు సరిగా కనపళ్లేదు. ఎవరిదో తల అడ్డొచ్చింది.’’

కుర్రాడు కంప్యూటర్ ముందు కుర్చీ జరిపాడు. ఆ ఒక్క మంచి ఫొటోయే తెరవబోతే, అన్నీ చూపించమంది. చేతులు, ఫోన్లు, జడలు... ఇరవై రెండూ వరసగా చూసింది, ఒక్కటీ వదలకుండా.